తెలివి మనదే, తలుపు తీసిందెవరు?



"ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగినవారికి "సోషియాలజీలో పీహెచ్‌డీ అండీ" అంటే, "అంటే సైకాలజీయా?" అంటారు. కాదండీ, సమాజశాస్త్రం. చదువుకుంటూనే టీచింగ్ అసిస్టెంటుగా వారానికి 20 గంటలు పనిచేస్తాను. డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను, పేపర్లు దిద్దుతాను. అందుకు యూనివర్సిటీ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తుంది. ఈ సభలోనూ చాలామంది అలా చదువుకున్నవారే.

వలసల పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "ఇండియావాళ్లు పుట్టుకతోనే తెలివైనవాళ్లా?" వినడానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం బోర్డు మీద మూడు సంవత్సరాలు రాస్తాను.

1923: భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు "తెల్లవారు" కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పింది. 1946: ఆ అర్హత వచ్చింది కాని, భారతీయుల కోటా ఏడాదికి 100 మంది. 1965: అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసి, బంధువులతోపాటు వృత్తి నైపుణ్యం ఉన్నవారికీ దారి ఇచ్చింది.

అంటే, చట్టమే ఒక జల్లెడ పట్టింది. జల్లెడలో నిలిచిన గింజలను చూసి పొలమంతా ఇదే పంట అనుకోకూడదు కదా! ఆ గింజలు పండింది ఎవరి ఎరువుతో? గుంటూరు మెడికల్ కాలేజీలోనో, ఉస్మానియాలోనో స్వల్ప ఫీజుతో సాగిన చదువులవి. బడి మొహం చూడని కూలీ కొన్న సరుకు మీద పన్ను కూడా ఆ ఖర్చులో ఉంది.

ఇంకొకటి. ఆ వలసచట్టానికి ముందే 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి తెచ్చిన మార్పు అది. జాతినిబట్టి మనిషిని ఆపడం తప్పని దేశం ఒప్పుకున్నాకే మనకు తలుపు తెరుచుకుంది. తీరా 1966 నుంచి ప్రచారంలోకి వచ్చిన "మోడల్ మైనారిటీ" కథ, "వీళ్లు పైకొచ్చారుగా, మీరెందుకు రాలేదు?" అని వారినే నిలదీసింది. ఆ ప్రశ్న మన భోజనాల దగ్గరా వినబడుతోంది.

దాని బరువు మన పిల్లల మీదా ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్పి, ఇంట్లో చెప్పలేక నా ఆఫీసులో కూర్చుని ఏడ్చిన తెలుగు పిల్ల నాకు తెలుసు. తెలివి జాతి లక్షణమైతే, ఒక్క పరీక్ష తప్పిన బిడ్డ ఏ జాతికి చెందాలి?

పిల్లలకు మన కష్టం చెప్పండి. దానితోపాటు మన అప్పు కూడా చెప్పండి. వాళ్లెవరైనా ఒక సెమిస్టరు సోషియాలజీ తీసుకుంటామంటే, దయచేసి కాదనకండి.

సెలవు.