బుల్లితెర మీద చిన్న కారు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



రాత్రి ఎనిమిది గంటలవుతుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ వుంటుంది. టీవీలో సీరియల్ మంచి పట్టులో వుండగా ఠక్కున ఆగిపోయి ప్రకటనలు మొదలవుతాయి. మనం గబగబా లేచి తాలింపు వేసి రావడానికి వంటింట్లోకి పోతాం. మనం లేచిపోయిన ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే ఇంట్లో పెద్ద పెద్ద ఖర్చులకు విత్తనాలు పడుతున్నాయని నాకు ఈమధ్యనే తెలిసింది.

మొన్న మా ఆరేళ్ల మనవడు అన్నం తింటూ, "అవ్వా, ఈ కారు లీటరుకి ఇంత దూరం పోతుంది, ఆ కారు ఇంకా ఎక్కువ పోతుంది" అని గడగడా ఒప్పజెప్పాడు. మూడో ఎక్కం చెప్పమంటే మాత్రం తడుముకున్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. బళ్లో పంతులమ్మ ఏడాదిగా చెప్పలేనిది ముప్పై సెకన్ల బొమ్మ ఎలా చెప్పింది? అది చెప్పినవన్నీ మనకు పనికొచ్చేవేనా? అందుకే ఈవేళ చిన్న కార్ల టీవీ ప్రకటనల గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

మా చిన్నతనంలో కారు అంటే అంబాసిడరు, లేకపోతే పద్మిని. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976లో మొదలయ్యాయి. అప్పటికి మా చిత్తూరులో టీవీ వున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మద్రాసు కేంద్రం అందుకోవాలని మిద్దె మీద పొడుగాటి గొట్టం పాతి, గాలి కొట్టినప్పుడల్లా ఒకరు పైకెక్కి తిప్పుతుంటే, ఇంకొకరు కిందినుంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు వేసేవారు. సబ్బులు, టూత్‌పేస్టులు, పానీయాలు తెరమీద కనిపించేవి కాని, కారు కోసం ఎవరూ మనల్ని బతిమాలిన జ్ఞాపకం నాకు లేదు.

1983 డిసెంబరు 14వ తేదీన ఇందిరాగాంధీ గారు మొదటి మారుతి కారు తాళంచెవిని కొన్నవారి చేతికిచ్చారు. చిన్న కారు మధ్యతరగతి ఇంటి గుమ్మం దాకా రావడం అలా మొదలైంది. దానికి ప్రకటనలతో పెద్దగా పని లేకపోయింది. డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూసే జనం వున్నప్పుడు పిలిచి అమ్మవలసిన అవసరం ఏముంది చెప్పండి? సరుకు తక్కువై జనం ఎక్కువైతే ప్రకటన నోరు మూసుకుంటుంది. సరుకు ఎక్కువైతేనే పాటలు పాడుతుంది.

ఆ పాట 1998లో గట్టిగా వినిపించింది. కొరియా దేశపు హ్యుందాయ్ కంపెనీ మనకు దగ్గర్లోనే, మద్రాసు పోయే దారిలో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఫ్యాక్టరీ పెట్టి శాంట్రో అనే కారు తెచ్చింది. పేరే నోరు తిరగని కంపెనీ, దాని కారు ఎవరు కొంటారు? ప్రకటన రాసినవాళ్లు ఆ అనుమానాన్ని దాచిపెట్టలేదు, దాన్నే కథ చేశారు. కంపెనీ మనిషి నటుడు షారూఖ్ ఖాన్ దగ్గరికి వెళ్లి మా కారుకు ప్రచారం చెయ్యమని అడుగుతాడు. ఆయన వెంటనే సరేననకుండా, మీరెవరు, మీ కారు నేనెందుకు నమ్మాలి అని తిరిగి ప్రశ్నలు వేస్తాడు. ఇంట్లో మనం అడిగే ప్రశ్నలే ఆయన నోట వినిపించాయి. ఆయనకు నమ్మకం కలిగేసరికి చూసేవాళ్లకూ కలిగింది. ఆ కారు పైకప్పు కూడా కాస్త ఎత్తుగా వుండేది. మా అత్తగారు మోకాళ్ల నొప్పుల మనిషి. ఎవరి కారు ఎక్కమన్నా, "దీంట్లో కాళ్లు ముడుచుకోని కూచోవల్లనా, అమ్మే?" అనేవారు. శాంట్రో ఎక్కినప్పుడు ఆ మాట అనలేదు.

ఇక మారుతివారి ప్రకటన ఒకటి చాలామందికి గుర్తుండే వుంటుంది. ఒక సర్దార్ల పిల్లవాడు బొమ్మ కారును ఇల్లంతా తోలుతూ, గోడల మీదా నాన్న మీదా నడిపిస్తూ వుంటాడు. ఇక చాలించరా అంటే, పెట్రోలు అయిపోవడమే లేదు, నేనేం చెయ్యను అంటాడు. ఒక్క లెక్క చెప్పకుండా ఒక్క పిల్లవాడి మాటతో విషయం మనసులో నాటుకుంది. 2010 ప్రాంతాల్లో అదే కంపెనీ ఇంకో వరస ప్రకటనలు తెచ్చింది. కళ్లు చెదిరే ఖరీదైన వాహనాన్ని చూపించి గొప్పలు చెబుతుంటే, మన దేశపు మనిషి అంతా విని, "ఇంతకీ ఎంతిస్తుంది?" అని మైలేజీ అడుగుతాడు. మనల్ని చూసి మనమే నవ్వుకున్నాం.

ఇక్కడే నేను చెప్పదలచిన అసలు మాట వుంది. ప్రకటన అద్దంలాంటిది. మనం ఏది అడుగుతామో అదే చెబుతుంది. మనం అడగనిదాన్ని తనంతట తాను చెప్పదు. ఇన్నేళ్లూ మనం "ఎంతిస్తుంది?" అని అడిగాం, అది "ఇంతిస్తుంది" అని పాడింది. మిగతా ప్రశ్నలు అలాగే వుండిపోయాయి.

ఆ మైలేజీ లెక్క ఎక్కడిదో తెలుసా? కారును పరీక్షశాలలో రోలర్ల మీద నిలబెట్టి, ఒక పద్ధతి ప్రకారం చక్రాలు తిప్పి కొలిచినది. కార్లన్నిటినీ ఒకే కొలతతో పోల్చడానికి అది మంచిదే. కాని ఆ రోలర్ల మీద తిరుమల ఘాట్ రోడ్డు వుండదు. ఐదుగురు మనుషులు, ప్రసాదాల సంచులు, మే నెల ఎండకు వేసుకున్న ఏసీ వుండవు.

మా తోడికోడలి సంగతి చెబుతాను. మా మరిది టీవీలో ఒక చిన్న కారు ప్రకటన చూసి మనసుపడ్డాడు. తెరమీద పెద్ద అక్షరాల్లో వేసిన ధర చూసి, చేతిలో వున్న డబ్బు మొదటి చెల్లింపుకి సరిపోతుందనుకున్నాడు. తీరా షోరూముకి వెళితే ఆ ధర మీద రిజిస్ట్రేషను, రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు, సీటు కవర్లు అంటూ చాంతాడంత జాబితా ఇచ్చారు. అడ్వాన్సు కట్టేశాడు, నలుగురికీ చెప్పేశాడు, వెనక్కి రావడానికి మొహం చెల్లలేదు. లోటు పూడ్చింది మా తోడికోడలి నాలుగు గాజులు. అవి బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి. తర్వాత లీటరుకు ప్రకటనలో చెప్పినదానిలో మూడింట రెండు వంతులే వచ్చింది. నెల నెలా కంతు, పెట్రోలు, గాజుల మీద వడ్డీ. పిల్ల కాలేజీ ఫీజు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో మాటలు పెరిగాయి.

ఒకరోజు అదే ప్రకటన మళ్లీ వస్తే మా తోడికోడలు నాతో అంది: "చూడక్కా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నవ్వుతా వుంది ఆమె. చేతినిండా గాజులే. నావేమో బ్యాంకులో వుండాయి."

రెండేళ్లకు గాజులు ఇంటికొచ్చాయి లెండి. కాని ఆ రోజు ఆమె అన్న మాట నా మనసులోంచి పోలేదు. ప్రకటన అబద్ధం చెప్పలేదు. ధర కింద చీమ తలకాయంత అక్షరాల్లో అది షోరూము ధర మాత్రమేనని రాసే వుంది. అది చదివే తీరిక మనకు ఇవ్వలేదు, అంతే.

అలాగని ప్రకటనలన్నీ మాయ అనను. మన ఊరి ఉదాహరణే చెబుతాను. మన జిల్లా పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో అమరరాజా సంస్థ స్థాపించారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి. 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీ తెచ్చారు. బ్యాటరీ అమ్మడమంటే మాటలా? బానెట్ కింద దాక్కుని వుంటుంది, చెడిపోతే తప్ప ఎవరికీ గుర్తురాదు. దానికి వాళ్లు మట్టిబొమ్మల ప్రకటనలు చేయించారు. బొమ్మను కాస్త కదపడం, ఒక ఫొటో తియ్యడం, ఇంకాస్త కదపడం, మళ్లీ ఫొటో. మన టీవీలో సెకనుకు 25 చిత్రాలు, ముప్పై సెకన్లకు 750. ముగ్గుల పోటీలో కూర్చున్నంత ఓపిక కావాలి. ఆ మట్టిబొమ్మల అల్లరి చూసి నవ్వుతూనే, చాలాకాలం మన్నే ఆకుపచ్చ బ్యాటరీ అని పిల్లలు కూడా గుర్తుపెట్టుకున్నారు. పొద్దున్నే బండి కదులుతుందా అన్న ఒక్క అనుమానానికి సూటిగా జవాబు చెప్పిన ప్రకటన అది.

జవాబు తప్పిన కథ కూడా వుంది. వానలో ఒకే స్కూటరు మీద తల్లీ తండ్రీ పిల్లలూ తడుస్తూ పోవడం చూసి, వీళ్లకొక కారు చెయ్యాలని రతన్ టాటా గారు అనుకున్నారు. ముందు నిలబడిన పిల్లవాడు, వెనక పక్కకు తిరిగి ఒళ్లో పసిబిడ్డతో మనం. తిరుపతి వీధుల్లో అలా పోనివాళ్లు మనలో ఎందరున్నారు? 2008 జనవరి 10వ తేదీన నానో కారును చూపించారు, 2009లో అమ్మకానికి తెచ్చారు. లక్ష రూపాయల కారు అని పత్రికలే ఊరూరా చాటాయి. "అన్నిటికన్నా చౌక కారు" అన్న పేరు పడిపోయింది. అక్కడే దెబ్బ తగిలింది. మధ్యతరగతి ఇంటికి కారంటే నాలుగు చక్రాలు మాత్రమే కాదు, నలుగురిలో మర్యాద కూడా. చౌక చీర కొన్నా చౌకదని చెప్పుకుంటామా? తర్వాత టీవీ ప్రకటనల్లో సంతోషానికి తాళంచెవి అని చూపించినా మొదటి పేరు చెరగలేదు. చౌక అన్న ముద్ర పడటం పొరపాటేనని రతన్ టాటా గారే తర్వాత ఒప్పుకున్నారు. 2018లో ఆ కారు తయారీ ఆగింది. ఆయన వానలో చూసింది మన కష్టాన్నే. కాని చౌక అని చాటి దాన్ని అమ్మబోతే మనసు చిన్నబోతుందన్నది ముందుగా ఎవరికీ తోచలేదు.

మరి మనం అడగని ప్రశ్న ఏమిటి? ప్రాణం. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడుపోయే ఐదు చిన్న కార్లను గోడలాంటి అడ్డుకు గుద్దించి పరీక్షించింది. పెద్దవాళ్ల రక్షణ విషయంలో ఐదింటిలో ఒక్కదానికి కూడా ఒక్క నక్షత్రం రాలేదు. అదే కాలంలో టీవీలో నవ్వులు, పూలు, మైలేజీలు. 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నక్షత్రాలిచ్చే పద్ధతి పెట్టింది. అది నిర్బంధం కాదు, కనుక అన్ని కార్లకూ నక్షత్రాలు వుండవు. అయినా జనం అడగడం మొదలుపెట్టేసరికి ప్రకటనల్లో ఐదు నక్షత్రాలు మెరుస్తున్నాయి. చూశారా, అడిగితేనే చెబుతుంది అన్నాను కదూ?

మన చిత్తూరువాళ్లకు కాణిపాకం సంగతి చెప్పాలా? కొత్త కారు కొంటే అక్కడికి తీసుకువెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అదే స్వామి ఎదుట, అప్పు తీసుకోలేదన్నవాడు, మాట తప్పలేదన్నవాడు ప్రమాణం చేస్తారు. అబద్ధమాడినవాడు అక్కడ నిలబడలేడని పెద్దల నమ్మకం. నేను ప్రకటన చూసినప్పుడల్లా అనుకుంటాను, ఈ మాట కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పగలరా అని.

ప్రమాణం చేయించలేకపోయినా చట్టం వుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వెయ్యవచ్చు. ప్రచారం చేసిన తారలకు కూడా బాధ్యత వుంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల పొడవు దాటకుండా, ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించకుండా వున్నవే ఆ లెక్కలోకి వస్తాయి. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు వుండేవి. మీ ఇంట్లో కూడా కారు మాట వచ్చే వుంటుంది. వస్తే తాలింపు కాసేపు ఆపి నాలుగు ప్రశ్నలు అడగండి. అన్నీ కలిపి ఇంటికి చేరేసరికి ఎంతవుతుంది? అదే కారు వాడుతున్న మనవాళ్లకు మన రోడ్ల మీద ఎంతిస్తోంది? దీనికి ఎన్ని నక్షత్రాలు? కంతు, పెట్రోలు, సర్వీసు కలిపి నెలకు ఎంత, అది ఏ ఖర్చు తగ్గించి కట్టాలి? జవాబులు కాగితం మీద రాయించండి. నోటిమాటకు లెక్క వుండదు.

చివరగా ఒక మాట. మా తోడికోడలు ఇప్పుడు ఆ కారు తానే తోలుతోంది. మొన్న మా అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లింది. నేను వెనక కూర్చున్నాను. స్టీరింగు మీద ఆమె చేతులు చూశాను. నాలుగు గాజులూ వున్నాయి. "ఇంకో కారు కొంటే మాత్రం, అక్కా, షోరూములో మాట్లాడేది నేనే" అంది.

మీరూ అలాగే మాట్లాడతారని ఆశిస్తున్నాను.