చేపల సంతతి - మన కర్తవ్యము



నల్లగొండ, మహబూబునగర ప్రాంతములందలి మనవారికి చెఱువే చేను, వలయే నాగలి. విత్తనమును తినివేసిన రైతునకు పంట యెక్కడిది? ఈ యొక్క మాటను మనవి చేయుటకే మేము నేడు నిలిచితిమి.

తొలి వరదకు అలుగు పాఱునపుడు సెన నిండిన చేప నీటికి ఎదురెక్కును. అప్పుడే మనము వలలు పన్నుదుము. మేమును బాల్యమున అటులే పట్టి, బుట్ట నిండెనని సంతసించితిమి. కొరమీను గడ్డి నడుమ గ్రుడ్లు పెట్టి, పిల్లలు గుంపుగా తిరుగునంతకాలము కావలి యుండును. ఆ కావలిచేపను పట్టినచో పిల్లలు ఇతర చేపల నోట పడును.

కొలదిదినములు వల నిలిపిన ఫలమేమని సందేహింతురేమో! దూరదేశపు నిదర్శన మొకటి కలదు. కరీబియన్ సముద్రమున లిటిల్ కేమన్ అను దీవియొద్ద, పగడపుదిబ్బ కొనయందు, నాసౌ గ్రూపరు అను పెద్దచేపలు చలికాలపు పున్నమలకు వేలుగా కూడి గ్రుడ్లు విడుచును. 2001లో జాలరులు ఆ తావు కనుగొని, రెండు ఋతువులలో సుమారు 4,000 చేపలను పట్టిరి. 2003లో అచట వేట నిషేధింపబడెను. 2002 మొదలు శాస్త్రజ్ఞులు సముద్రమున మునిగి, చేపలకు గుర్తులు కట్టి, చిత్రములు తీసి లెక్కించుచు వచ్చిరి. 2009లో సుమారు 1,200గా నున్న చేపలు 2018 నాటికి 7,000 దాటెను. ఎవరును చేపలను తెచ్చి విడువలేదు. గ్రుడ్లు పెట్టు వేళ వానిజోలికి పోలేదు, అంతియే.

రోహు, బొచ్చె మొదలగునవి నిలువనీట గ్రుడ్లు పెట్టవు. వరద పొంగిన నదియే వానికి పురిటిల్లు. 1957 జూలై 10న ఒడిషాలోని అంగుళ్‌నందు హీరాలాల్ చౌధురీగారు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి ఆ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నేడు మనము చెఱువులలో విడుచు పిల్లలు ఆ విద్యాఫలమే. కాని తమంతట పెరుగు కొరమీనును, పరకలను కాపాడుట మన చేతిలోనిదే.

ఆ దినములలో పేదయింటి పొయ్యి ఎట్లు మండునని అడుగుట న్యాయమే. ధనవంతులగు పోషకులు ఆ కొలదిదినముల గ్రాసమునకు సంఘనిధిని సమకూర్పవలెను. వృద్ధులు ఏ గట్టున ఏ చేప ఎన్నడు గ్రుడ్లు పెట్టునో చెప్పవలెను. చదువుకొన్న బాలురు దానిని వ్రాసి యుంచవలెను. తొలివరదలో అలుగుకడ వల వేయమని ప్రతి గ్రామమున తీర్మానింతము గాక! అప్పుడు మన మనుమల బుట్టయు నిండును.

శుభమస్తు.