అద్దమూ, కళ్ళజోడూ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పొద్దున్న లేచింది మొదలు మనం అద్దం ముందు ఎన్నిసార్లు నిలబడతామో లెక్క లేదు. తల దువ్వుకోవడానికీ, బొట్టు పెట్టుకోవడానికీ, గడప దాటేముందు కుచ్చిళ్ళు సరిచూసుకోవడానికీ అద్దం కావాలి. అదే కళ్ళజోడు పెట్టుకోమంటే మాత్రం, "అమ్మో, అప్పుడే ముసలితనమా!" అంటాం. రెండూ వెలుతురుతో పని చేసేవే. ఒకదాని మీద అంత మోజు, రెండోదాని మీద అంత సిగ్గు ఎందుకో ఈ రోజు కాస్త ఆలోచిద్దాం.

మా అత్తవారిది ఖమ్మం జిల్లా మధిర. వైరా ఏటి ఒడ్డున వున్న ఊరు. మా అత్తయ్యగారు ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ బట్టలు తనే కుట్టేవారు. యాభయ్యో ఏడు దాటాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశారు. ఎందుకండీ అంటే, "ఓపిక లేదమ్మా" అనేవారు. అన్నంలో రాయి తగిలిన రోజున మామయ్యగారు విస్తరి ముందునుంచి లేచిపోయేవారు. "ఈ మధ్య ఆవిడకి పని మీద ధ్యాస వుండటం లేదు" అని ఇంట్లో అందరం అనుకున్నాం. నేనూ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఒకనాడు మనవడికి దగ్గు వస్తోందని ఆవిడ మందు పోయబోయారు. సీసా చూస్తే అది కాళ్ళకు రాసుకునే మందు! నేను పక్కనే వున్నాను గనక సరిపోయింది. ఆ రోజు గాని మా కళ్ళు తెరుచుకోలేదు. ఆవిడకి తగ్గింది ఓపికా కాదు, ధ్యాసా కాదు, దగ్గరి చూపు.

అసలు చూడడమంటే ఏమిటో తెలుసుకుందాం. వస్తువు మీద పడిన వెలుతురు తిరిగి మన కంటికి చేరితేనే అది కనిపిస్తుంది. గోడ మీద పడిన వెలుతురు చెల్లాచెదరైపోతుంది గనక గోడే కనిపిస్తుంది గాని, అందులో మన ముఖం కనిపించదు. నున్నటి అద్దం మీద పడిన వెలుతురు ఎంత వాలుగా వచ్చిందో అంత వాలుగానే అవతలి వైపుకి తిరిగి వెళ్తుంది. దీన్నే పరావర్తనం అంటారు. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె అద్దంలా మెరవడానికి కారణం కూడా ఇదే.

ఇందులో మనకో లాభం వుంది. ఒళ్ళంతా కనబడాలంటే మనిషంత అద్దం కొననక్కరలేదు. అయిదడుగుల మనిషికి రెండున్నర అడుగుల నిలువుటద్దం చాలు. సరైన ఎత్తులో తగిలిస్తే తలనుంచి పాదాల దాకా కనబడుతుంది. వెనక్కి జరిగినా, ముందుకి జరిగినా లెక్క మారదు.

ఇక రెండోది వక్రీభవనం. పేరు విని భయపడకండి, వంటింట్లోనే చూడవచ్చు. ఒక గిన్నె అడుగున రూపాయి బిళ్ళ పెట్టండి. గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ళ కనబడకుండా పోయేదాకా వెనక్కి జరగండి. ఇప్పుడు పిల్లల్ని మెల్లగా నీళ్ళు పొయ్యమనండి. మీరు కదలకుండానే బిళ్ళ పైకి తేలినట్టు కనిపిస్తుంది! వెలుతురు గాలిలో సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీటిలో 2 లక్షల 25 వేలే. ఏటవాలుగా వచ్చినప్పుడు ఈ వేగం మారే చోట దాని దారి వంగుతుంది.

ఇది వట్టి వినోదం అనుకోకండి. నాలుగడుగుల లోతు నీళ్ళు పైనుంచి చూస్తే మూడడుగులే అనిపిస్తాయి. ఏటికి స్నానానికి వెళ్ళే పిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. కంటికి కనిపించే లోతుని నమ్మి దిగకూడదు.

గాజుని మధ్యలో లావుగా, అంచుల్లో పల్చగా అరగదీస్తే, అది వెలుతురుని వంచి ఒకచోటికి చేరుస్తుంది. అదే కుంభాకార కటకం. దీన్ని మనం లెన్సు అంటున్నాం. ఆ మాట లాటిన్ భాషలో మసూరు గింజ పేరునుంచి వచ్చింది. రెండు వైపులా ఉబ్బెత్తుగా వుండే ఆ గింజ ఆకారమే దానికి ఆ పేరు తెచ్చిపెట్టింది. చూశారా, లెన్సు కూడా మన పోపులపెట్టె పక్కనుంచి వచ్చిందే!

మన కంటిలోనూ అలాంటి కటకం వుంది. దగ్గర వస్తువు చూసేటప్పుడు అది ఇంకాస్త ఉబ్బుతుంది. నలభై దగ్గర పడేసరికి అది గట్టిపడి, మునుపటిలా ఉబ్బలేదు. పేపరుని చెయ్యి చాచి దూరంగా పట్టుకోవడం అప్పుడే మొదలవుతుంది. అందుకే దానికి చత్వారం అని పేరు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఇది జబ్బు కాదు, ఎవరి తప్పూ కాదు. రాజుకైనా పేదకైనా వచ్చేదే. కన్ను వంచలేకపోయిన వెలుతురుని కళ్ళజోడు వంచి పెడుతుంది, అంతే. చీటీలో ప్లస్ రెండు అని రాస్తే, ఆ అద్దం ఎండని అర మీటరు దూరంలో ఒకచోట చేరుస్తుందని అర్థం. బడిలో నల్లబల్ల కనబడని పిల్లలకి ఇచ్చేవి మైనస్ అద్దాలు. అవి మధ్యలో పల్చగా వుంటాయి. మార్కులు తగ్గాయని పిల్లవాణ్ణి కొట్టేముందు ఒక్కసారి చూపు పరీక్ష చేయించండి.

శుక్లం సంగతి వేరు. అందులో కంటి కటకమే మసకబారుతుంది గనక దానికి కళ్ళజోడు చాలదు, ఆపరేషన్ కావాలి. ఆ మసక కటకం తీసి కృత్రిమ కటకం అమర్చడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదలుపెట్టారు. యుద్ధంలో విమానాల కిటికీ ముక్కలు కంట్లో గుచ్చుకున్న పైలట్లను ఆయన చూశారు. ఆ ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను సహించడం గమనించి, దానితోనే కటకం చేయించారు.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం మొదలుపెట్టింది. రెండో విడత 2023 జనవరి 18న మన ఖమ్మంలోనే మొదలయింది. మొదటి విడతలో మా అత్తయ్యగారిని బలవంతాన తీసుకెళ్ళాం. పరీక్ష చేసి అక్కడికక్కడే దగ్గరి చూపు జోడు ఇచ్చారు. పైసా ఖర్చు లేదు. ఇంటికొచ్చి ఆవిడ చేసిన మొదటి పని, సూదిలో దారం ఎక్కించడం. ఎక్కించి, "ఇన్నేళ్ళూ నాకు చేతగావడం లేదనే అనుకున్నానే" అన్నారు. మామయ్యగారు తలొంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులతో ఒక పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2018లో ప్రచురించారు. దగ్గరి చూపు జోడు పెట్టుకున్నవారి కోత, పెట్టుకోనివారికంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. మన జిల్లాలో కల్లాల్లో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరే తల్లులకు కూడా ఇది వర్తించదంటారా?

ఇంట్లో అందరి కళ్ళూ చూపించి, మనవి మాత్రం ఆఖరికి వదిలేస్తాం. ఈ వారం ఒక చిన్న పని చెయ్యండి. ఒక్కొక్క కన్ను మూసి గోడమీది క్యాలెండరు చదవండి. తరవాత సూదిలో దారం ఎక్కించండి. తడబడితే దాచుకోకుండా కంటి డాక్టరుకి చూపించుకోండి. మీ ఇంట్లో పెద్దావిడ పనిలో పొరపాటు చేస్తే, మాట అనేముందు ఆవిడకు సరిగ్గా కనిపిస్తోందో లేదో అడగండి.