చేసిన పనే చెబుతుంది



మా మేనకోడలిది వెబ్‌సైట్లు తయారుచేసే పని. బిడ్డ పుట్టాక నాలుగేళ్లు మానేసింది. "ఇంక ఉద్యోగం ఎవరిస్తారత్తయ్యా!" అని ఒకటే దిగులు.

ఈ పనిలో హెచ్‌టీఎంఎల్ ఇంటి గోడల్లాంటిది, సీఎస్ఎస్ వాటికి వేసే రంగులు, జావాస్క్రిప్ట్ స్విచ్ నొక్కితే దీపం వెలిగించే కరెంటు. ఆ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995లో పది రోజుల్లో రాశారు.

బిడ్డ నిద్రపోయే వేళల్లో మా పిల్ల ఇంట్లో పెద్దావిడ మందుల వేళలు చూపే చిన్న పేజీ చేసింది. మొదట ఉదయం మాత్ర రాత్రికి చూపించింది! ఓపికగా దిద్దుకుంది.

ఇంటర్వ్యూలో "నాలుగేళ్లూ ఏం చేశారు?" అన్నారు. ఆ పేజీ తెరిచి, తప్పు ఎలా పట్టుకుందో చెప్పింది. ఉద్యోగం వచ్చింది.

అంచేత అమ్మా, రోజుకో గంట మీకోసం దాచుకోండి. సెలవు.