మన బాలబాలికలు, గణితము
(వార్షిక మహాసభయం దొసఁగిన యుపన్యాసము)



విద్యావ్యాప్తినిగూర్చి తీర్మానము చేయని మహాసభ మనకు లేదు. అయినను పదవతరగతిలో గణితమునఁ దప్పిన పిల్లవానిని మగ్గపుగుంటలోఁ గూర్చుండఁబెట్టుటయో, దూరదేశమునకుఁ గూలికిఁ బంపుటయో, ఆడుపిల్లయైనచోఁ బెండ్లిమాట లారంభించుటయో శ్రీకాకుళ, విజయనగర మండలములందలి మన యిండ్లలో నింకను గానవచ్చుచున్నది. "మన పిల్లలకు లెక్కలు రావు" అను మాట మాకు సమ్మతము గాదు. ఏల కాదో మగ్గమునొద్దనుండియే విన్నవించెదము.

పొందూరు సన్నఖద్దరునకు నూఱవ నంబరు నూలు వాడుట మీ రెఱిఁగినదే. నంబరనఁగా నేమి? ఒక పౌండు నూలునందు 840 గజముల చిలప లెన్నియుండునో యా సంఖ్య. నూఱవ నంబరైనచోఁ బౌండునకు 84,000 గజములు.

ఇఁక నొక లెక్క. 40వ నంబరు, 60వ నంబరు నూలు కలిసి 10 పౌండ్లు. చిలపలు మొత్తము 460. ఏది యెంత? బడిపిల్లవాఁడు 40వ నంబరు తూకమును ఎక్స్ అనుకొని, రెండవదానిని పదిలో ఎక్స్ తక్కువగా వ్రాయవలెను. పలువు రిచ్చటనే నిలిచిపోవుదురు. గైడుపుస్తకమును వల్లించినవారు మఱింత త్వరగా నిలిచిపోవుదురు. నూలెఱిఁగిన యవ్వ నడుగుఁడు. అంతయు నలువదవ నంబరే యైనచో 400 చిలపలే యుండవలెను, 60 హెచ్చుగా నున్నవి, అరువదవ నంబరు పౌండొక్కింటికి 20 హెచ్చు, కావున నది 3 పౌండ్లు, మిగిలినది 7 అని యామె వ్రేళ్లపైఁ జెప్పును. సమీకరణమందును 600 నుండి 460 తీసి, మిగిలిన 140ని 20చే భాగించిన ఎక్స్ 7 అగును. అవ్వ నలువదినుండి బయలుదేఱినది, పిల్లవాఁ డరువదినుండి; అంతియే భేదము. ఈ తెలియనిదానినే మన పూర్వులు అవ్యక్తమనిరి. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను గదా. తెలుఁగున లెక్క చెప్పుట క్రొత్త గాదు.

క్షేత్రగణిత మింతకంటె నష్టము దీర్చును. ఎదురెదురు భుజముల సరాసరులను హెచ్చవేసి నేల కొలుచుట పల్లెలలోఁ గలదు. నాలుగువైపుల 50 గజములున్న స్థలము 2,500 చదరపు గజములని కొనువాఁడు మూలలు చూడవలెను. కర్ణములు 60, 80 గజములైనచో వాని లబ్ధములో సగము, అనఁగా 2,400 మాత్రమే. లేని నూఱు గజములకు వెల చెల్లినట్లే! మూలలు సరియైన మట్టమున నున్నప్పుడే పల్లెకొలఁత నిజము.

సాంఖ్యకశాస్త్రమునుగూర్చి యొక్కమాట. అయిదిండ్ల వారపు రాబడి 900, 1,000, 1,100, 1,200, 5,800 రూపాయలనుకొందము. సరాసరి 2,000, నాలుగిండ్ల కంత లేదు. మధ్యగతము 1,100. మన సంఘము ప్రభుత్వమునకు విన్నప మంపునప్పుడు రెండవదానినిఁ జూపవలెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితము చదివి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానమునంది, ఆ యేఁటనే దివంగతులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి శాస్త్ర మిదియే.

కావున మా ప్రార్థన: ఈ సంవత్సరము విందుకుఁ గేటాయించిన సొమ్ములో సగము సాయంకాలపు గణితతరగతులకుఁ బెట్టుఁడు. నేతసాలలలోనే నడుపుఁడు, దీపము, నల్లబల్ల చాలును. ఇంజినీరింగు ముగించిన మన యువకులు వారమునకు రెండుదినములు వచ్చి చెప్పవలెను. అవ్వలనుగూడఁ బిలువుఁడు. తప్పిన పిల్లలు మరల పరీక్షకుఁ గూర్చుండునంతవఱకు వారి నేపనికిని బంపమని తల్లిదండ్రు లీ సభలోనే చేతు లెత్తవలెనని కోరుచున్నాము.