వేడినీటి బుగ్గల దేశం – ఐస్‌లాండ్



ఐస్‌లాండ్ అనగానే దేశమంతా మంచుగడ్డే అనుకుంటాం కదూ! నిజానికి అక్కడ ఏడాది పొడుగునా మంచు పరచుకున్న నేల పదోవంతే. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఈ ద్వీపం వైశాల్యం 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం సుమారు నాలుగు లక్షలు. పైన మంచు, కింద అగ్నిపర్వతాలు!

రాజధాని రేక్యవిక్. ఆ మాటకు ‘పొగల అఖాతం’ అని అర్థం. వేడినీటి బుగ్గల ఆవిరే ఆ పొగ అన్నమాట. నార్వే నుంచి వచ్చినవారు 874 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడ్డారంటారు. 930లోనే ఆల్తింగ్ అనే ప్రజాసభను ఏర్పరచుకున్నారు. తరువాత నార్వేకూ, డెన్మార్కుకూ లోబడి, 1944 జూన్ 17న రిపబ్లిక్ అయ్యారు.

రేక్యవిక్‌లో పెద్ద బజారు పేరు లౌగావెగుర్, అంటే బుగ్గల దారి. పూర్వం ఆడవాళ్ళు బట్టల మూటలు మోసుకుని, చలిలో మూడు కిలోమీటర్లు నడిచి ఆ బుగ్గల దగ్గర ఉతుక్కునేవారు. మరిగే నీళ్ళలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. 1930లో ఆ నీటినే గొట్టాల ద్వారా ఊళ్ళోకి తెచ్చారు. ఇప్పుడు దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళు భూగర్భపు వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి.

మనకు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. అక్కడ చాలామందికి అసలు ఇంటిపేరే లేదు. సాధారణంగా తండ్రి పేరుకు ‘దోత్తిర్’, అంటే కూతురు, అని చేరుస్తారు. పెళ్ళయినా ఆ పేరు మారదు.

1975 అక్టోబరు 24న అక్కడి స్త్రీలు ఒక తమాషా చేశారు. ‘ఈ రోజు మాకు సెలవు’ అన్నారు! నూటికి తొంభైమంది ఆఫీసు పనీ, ఇంటిపనీ, వంటా అన్నీ మానేశారు. రేక్యవిక్ సభకు పాతికవేలమంది వచ్చారు. మగవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు పరుగెత్తారు. రేడియోలో వార్తలు చదువుతుంటే వెనకాల పిల్లల అల్లరి వినిపించిందట!

మరుసటి ఏడే స్త్రీ పురుష సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ రాష్ట్రపతి అయ్యారు. ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకున్న మహిళా రాష్ట్రపతుల్లో ప్రపంచంలోకల్లా ఆమే మొదటివారు. భర్తతో విడిపోయి, ఒక ఆడపిల్లను పెంచుకుంటున్న తల్లి ఆమె. పదహారేళ్ళు ఆ పదవిలో ఉన్నారు.

అంతటితో అన్నీ సరిపోయాయా అంటే, లేదు. జీతాల్లో తేడా పోలేదనీ, ఇంటిచాకిరీకి విలువ కట్టడం లేదనీ 2023 అక్టోబరు 24న మళ్ళీ పని మానేశారు. ఈసారి అప్పటి ప్రధానమంత్రి కాత్రిన్ యాకొబ్స్‌దోత్తిర్ కూడా వారితో చేరారు.

మీరూ ఒక్కరోజు సెలవు పెడితే ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించి చూడండి.