ఒక బిడ్డ పరిశోధన, మన దరఖాస్తు తేదీ

(తిరుచానూరులో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫీజులకు, పుస్తకాలకు పెట్టిన ఖర్చు ఈ సంచికలోనే వేరే పేజీలో ఉంది. ఆ లెక్కలో కనపడని సంగతి ఒకటి మీకు చెప్పాలనుకుంటున్నాం.

మన సాయంతో ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి పరిశోధన వ్యాసానికి అంశం రాసుకొని మా దగ్గరికి వచ్చింది. "చిత్తూరు జిల్లాలో ముస్లిం మహిళల విద్య, వెనుకబాటుతనం." వినగానే అందరం బాగుందన్నాం. గైడ్ మాత్రం రెండుసార్లు తిప్పి పంపారట. మాకు కొంచెం కోపం కూడా వచ్చింది. కూర్చొని మాట్లాడుకున్నాక ఆయన మాటే నిజమని తెలిసింది.

జిల్లా సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. మన తిరుచానూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. 2011 జనాభా లెక్కలేమో పాత చిత్తూరువి. మరి ఏ చిత్తూరు? వెనుకబాటుతనం అంటే అక్షరాస్యతా, బడి మానడమా, ఉద్యోగమా? జస్టిస్ సచార్ కమిటీ దేశమంతటి ముస్లింల స్థితిగతులను పరిశీలించింది. ఏడుగురు సభ్యులు, ప్రభుత్వ శాఖల లెక్కలు ఉండి కూడా 2005 మార్చిలో మొదలుపెట్టి 2006 నవంబరుకు నివేదిక ఇచ్చారు. మన అమ్మాయికి ఉన్నది ఆరు నెలలు, ఒక బస్సు పాసు.

మాలో ఒక పెద్దాయన, "పేదరికమే కారణమని రాయమ్మా, అందరికీ తెలిసిందేగా" అన్నారు. "జవాబు ముందే రాసుకుంటే ఇంక అడిగేదేముంది చాచా?" అనిందామె.

ఎవరిని అడగాలి, ఏ సంవత్సరాలు, ఏ రికార్డు చేతికి దొరుకుతుంది? వీటిని పట్టుకొని కూర్చుంటే అంశం చిన్నదవుతూ వచ్చింది. మొదట 2021 నుంచి అనుకొనింది. ఆ ఏడు కరోనా వల్ల పదో తరగతి పరీక్షలే జరగలేదు, అందరూ పాసే. అందుకని 2022, 2023 పెట్టుకొనింది. చివరికి తేలిన ప్రశ్న ఇది: తిరుపతి రూరల్ మండలంలో ఆ రెండేళ్లలో పది పాసై ఇంటర్‌లో చేరని ముస్లిం అమ్మాయిల ఇళ్లలో, చదువు మాన్పించాలని ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు?

'ఎందుకు' అని అడగకపోవడం ఆమె ఆలోచనే. ఎందుకంటే అందరూ డబ్బుల్లేవనే అంటారు. ఎప్పుడంటే మాత్రం ఒక నెల చెప్పాల్సి వస్తుంది.

ఆమె వెళ్లిన ఇళ్లలో ఎక్కువమంది చెప్పింది వేసవి సెలవులు. పరీక్షలైపోయి, కాలేజీలో కట్టాల్సిన డబ్బు గురించి ఇంట్లో మాట వచ్చిన రోజులు. మన సొసైటీ దరఖాస్తులు తీసుకునేది ఆగస్టులో. రంజాన్‌లో మీరు నమ్మి ఇచ్చిన డబ్బును అప్పటిదాకా బ్యాంకులో ఉంచింది మేమే. ఇన్నేళ్లుగా ఆగస్టులో వచ్చినవాళ్లనే చూశాం కానీ, రానివాళ్లు ఎవరని మేము ఒక్కసారీ అడగలేదు.

వచ్చే ఏడు నుంచి దరఖాస్తులు ఏప్రిల్‌లోనే తీసుకుందామని కార్యవర్గంలో ప్రతిపాదన పెట్టాం. ఫలితాలు రాకముందే ఎవరికని ఇస్తామని కొందరు అడుగుతున్నారు, అదీ ఆలోచించాల్సిందే. ఆ అమ్మాయి వ్యాసం ప్రతి ఒకటి ఆఫీసు బల్ల మీద పెట్టాం. అసర్ నమాజు తర్వాత ఆఫీసు తెరిచే ఉంటుంది. వచ్చి చదివి, ఏప్రిలా ఆగస్టా అన్నది మీ మాటగా రాసి ఇవ్వండి.